పాత మోటారు సైకిలు – కొత్త కాయిలు

ఏ యంత్రానికైనా ఆహారం వేరు, ప్రాణం వేరు. మోటారు సైకిలుకు పెట్రోలు ఆహారమైతే, సిలిండరులో వేళ తప్పకుండా పుట్టే నిప్పురవ్వ దాని ప్రాణం. ట్యాంకు నిండుగా ఉన్నా, ఇంజను దిట్టంగా ఉన్నా, ఆ చిన్న రవ్వ పుట్టనినాడు బండి అడుగు కదలదు. ఆ రవ్వను పుట్టించే పరికరానికి ఇగ్నిషన్ కాయిల్ అని పేరు. పాత మోటారు సైకిళ్లలో ఈ కాయిలును తీసివేసి, అంతకన్న బలమైనది వేయించుకోవాలనే కోరిక ఈ మధ్య చాలామందికి కలుగుతున్నది. ఆ పని ఎప్పుడు చేయవలె, ఎట్లా చేయవలె, చేయక ముందు ఏమేమి చూడవలె అన్నది నేటి ప్రసంగ విషయం.

రాజాం వంటి ఊరిలో ఇది కేవలం వేడుకకు సంబంధించిన ప్రశ్న కాదు. పాలకొండ, బొబ్బిలి, చీపురుపల్లి, శ్రీకాకుళం వైపు వెళ్లే రోడ్లు ఈ ఊరి నుంచి చీలుతాయి. 2022 ఏప్రిల్ వరకు శ్రీకాకుళం జిల్లాలోను, అటు తరువాత విజయనగరం జిల్లాలోను ఉన్న ఈ ప్రాంతం చెరకు పంటకు, గోగునారకు పేరుపొందినది. ఇటువంటి చోట తండ్రి కొన్న జావానో, తాత నడిపిన బుల్లెట్టునో విడిచిపెట్టలేక నడుపుకొనేవారు ఉంటారు. రాత్రివేళ చెరకు తోటల మధ్య బండి ఆగిపోతే, దానిని నెట్టుకొంటూ పోవలసినది వారే. “కరెంటు రావడం లేదు, కాయిల్ పోయింది” అన్న ఒక్క మాటతో వందల రూపాయలు ఖర్చు పెట్టవలసినదీ వారే. అది కూడా పనిచేయకపోతే, నలభై యాభై సంవత్సరాలు ఇంటివారిని మోసిన బండి పాత ఇనుము కొట్టులో తూకానికి పోతుంది. ఎన్నో సందర్భాలలో ఆ బండిలో పాడైనది కాయిలు కాదు. అందుచేతనే ఈ సంగతి కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం.

మన దేశంలో ఈ పాత బండ్ల చరిత్ర చాలామందికి తెలిసినదే. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి బుల్లెట్ తయారీకి పూనుకొన్నది. 1961లో మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం చెకోస్లొవేకియా దేశపు నమూనాలతో జావా బండ్లను తయారుచేయ నారంభించినది. 1973 నుంచి ఆ బండ్లకే యెజ్డీ అన్న పేరు వచ్చినది. 1996లో ఆ కర్మాగారం మూతపడినది. అనగా ఆనాటి జావాను, యెజ్డీని నిలుపుకొనేవారికి, దానిని తయారుచేసిన ఇంటి నుంచి వచ్చే సహాయం ఏమీ లేదు. తెలిసిన మేస్త్రి, తెలుసుకొన్న యజమాని, ఈ ఇద్దరే దిక్కు.

ఇక కాయిలు పనిచేసే తీరు చూద్దాము. పాత జావా బ్యాటరీలో ఉండేది 6 వోల్టుల పీడనం. ప్లగ్గు కొనల మధ్య సందును దూకడానికి కావలసినది కొన్ని వేల వోల్టులు. ఆరు ఆరువేలు కావడం ఎట్లా? ఇందుకు మూలసూత్రాన్ని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టినాడు. ఒక తీగచుట్టలో అయస్కాంత క్షేత్రం హఠాత్తుగా మారితే, దాని ప్రక్కనున్న మరొక చుట్టలో విద్యుత్తు పుడుతుంది. కాయిలులో ఇనుప దూలం చుట్టూ రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి లావు తీగతో కొద్ది వందల చుట్లు గలది. రెండవది వెంట్రుకవంటి సన్న తీగతో వేల చుట్లు గలది. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బ్యాటరీ కరెంటు లావు తీగలో ప్రవహించి ఇనుములో అయస్కాంతశక్తిని నింపుతుంది. పాయింట్లు విడిపోగానే ఆ ప్రవాహం తెగి, అయస్కాంతశక్తి ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ కూలడంలో సన్న తీగలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు కొన వద్ద రవ్వగా దూకుతాయి. పాయింట్ల ప్రక్కనుండే చిన్న కండెన్సరు, విడిపోయే పాయింట్ల మధ్య మంట పుట్టకుండ ఆపి, ప్రవాహం చటుక్కున తెగేటట్లు చేస్తుంది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ ఏర్పాటు 1912లో కాడిలాక్ కార్లతో ప్రచారంలోకి వచ్చినది. మన పాత బండ్లు పట్టుకొన్నది ఆ దారినే.

ఇది ఎంత వేగంగా జరిగే పనో గమనించండి. జావా వంటి రెండు స్ట్రోకుల ఇంజనుకు ప్రతి చుట్టుకూ ఒక రవ్వ కావలె. ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే, సెకనుకు 66 సార్లకు పైగా కాయిలు నిండవలె, ఖాళీ కావలె. ఒక రవ్వకూ మరొక రవ్వకూ నడుమ ఉండే వ్యవధి సెకనులో వెయ్యింట 15 వంతులు మాత్రమే. అందులో పాయింట్లు కలిసి ఉండే కాలం ఇంకా తక్కువ. బుల్లెట్ నాలుగు స్ట్రోకుల ఇంజను గనుక రెండు చుట్లకొక రవ్వ చాలును. కాబట్టి దాని కాయిలుకు కొంత తీరిక ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. “బలమైన కాయిలు వేస్తే బండికి బలం వస్తుంది” అన్నది సాధారణంగా వినిపించే మాట. ఇందులో సగమే నిజం. కాయిలు పెట్టె మీద 40,000 వోల్టులని వ్రాసి ఉండవచ్చును. కాని ఎన్ని వోల్టుల వద్ద రవ్వ దూకవలెనో నిర్ణయించేది కాయిలు కాదు. ప్లగ్గు సందు, దాని చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిఖ్ పాషెన్ 1889లో ప్రకటించిన సూత్రసారం ఇదే. సందు పెరిగిన కొద్దీ, ఒత్తిడి పెరిగిన కొద్దీ ఎక్కువ వోల్టులు కావలె. పదివేల వోల్టులకే రవ్వ దూకే చోట, నలభైవేలు ఇవ్వగల కాయిలైనా ఆ పదివేల వద్దనే దూకిస్తుంది. మిశ్రమం ఒకసారి చక్కగా అంటుకొన్న తరువాత, రవ్వ పెద్దదైనంత మాత్రాన ఇంజను బలం పెరగదు. మంచి కాయిలు వల్ల కలిగే నిజమైన లాభాలు వేరు. కిక్కు కొట్టగానే అంటుకొనడం, నెమ్మది నడకలో తొట్రుపడకపోవడం, ప్లగ్గుకు కాస్త మసి పట్టినా రవ్వ తప్పకపోవడం, ఇవీ ఆ లాభాలు. ఇవి చిన్నవి కావు. కాని వీటిలో చాలాభాగం ఉన్న కాయిలుతోనే తిరిగి సంపాదించుకొనవచ్చును.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. ఆరు వోల్టుల కాయిలు లావు చుట్ట నిరోధం ఒకటిన్నర ఓములనుకొందాము. బ్యాటరీలోని 6 వోల్టులు పూర్తిగా అందితే 4 ఆంపియర్ల ప్రవాహం నడుస్తుంది. కాని పాత బండిలో తాళపు స్విచ్చి అరిగి అర వోల్టు, తుప్పు పట్టిన కొలికి అర వోల్టు, మాడిన పాయింట్లో, వదులైన ఎర్త్ తీగో మరొక అర వోల్టు మింగివేస్తాయి. కాయిలుకు మిగిలేది నాలుగున్నర వోల్టులు. ప్రవాహం 3 ఆంపియర్లు. కాయిలులో నిలువ ఉండే శక్తి ప్రవాహానికి వర్గంగా మారుతుంది. కనుక 4కు 16 అయినచోట 3కు 9 మాత్రమే. అనగా నూటికి 44 వంతుల శక్తి దారిలోనే పోయినది! పన్నెండు వోల్టుల బండిలో ఇదే ఒకటిన్నర వోల్టు పోతే నష్టం నూటికి 23 వంతులు. ఆరు వోల్టుల బండి అంత సుకుమారమైనది. కాలువకు గండ్లు పడి చివరి మడికి నీరు అందకపోతే రైతు ముందుగా గండ్లు పూడుస్తాడు గాని, చెరువు లోతు చేయించడు. కాయిలు విషయమూ అంతే.

కనుక చూడవలసిన క్రమం ఇది. మొదట బ్యాటరీ. బండి ఆపి ఉంచినప్పుడు ఆరు వోల్టుల సీసపు బ్యాటరీ బాగా నిండి ఉంటే 6.3 వోల్టులు చూపవలె. రెండవది, తాళం వేసి, పాయింట్లు కలిసి ఉండేటట్లు ఇంజను తిప్పి, కాయిలుకు కరెంటు వచ్చే కొలికి వద్ద వోల్టులు కొలవవలె. బ్యాటరీ వద్ద ఉన్నదానికీ దీనికీ అర వోల్టుకన్న ఎక్కువ తేడా ఉంటే లోపం స్విచ్చిలోనో, తీగలలోనో ఉన్నది. బ్యాటరీ నుంచి కాయిలుకు సూటిగా ఒక తీగ తాత్కాలికంగా కలిపి చూస్తే సంగతి వెంటనే తేలిపోతుంది. మూడవది పాయింట్లు. వాటి ముఖాలను శుభ్రం చేసి, ఫీలర్ గేజితో సందు సరిచూడవలె. బుల్లెట్టుకు గాని, జావాకు గాని ఈ సందు ఇంచుమించు 0.4 మిల్లీమీటరు; ఆయా బండి పుస్తకంలో చెప్పిన కొలతే ప్రమాణం. నాలుగవది కండెన్సరు. పాయింట్ల మధ్య నీలి మంట పెద్దగా కనబడినా, పాయింట్లు తరచు మాడిపోతున్నా ముందుగా అనుమానించవలసినది దీనినే. అయిదవది ప్లగ్గు, ప్లగ్గు క్యాపు, వాటిని కలిపే లావు తీగ. వానాకాలంలో తీగ తొడుగు పగుళ్లలో తేమ చేరితే, రవ్వ ప్లగ్గు వద్దకు పోకుండ దగ్గరలోని ఇనుముకే దూకుతుంది. రాత్రి చీకటిలో ఇంజను నడిపి చూస్తే ఆ దొంగ రవ్వలు కంటికి కనబడతాయి.

ఇవన్నీ సరిగా ఉన్న తరువాతనే కాయిలు వంతు. తీగలు విప్పి మల్టీమీటరుతో రెండు చుట్టల నిరోధం కొలవవచ్చును. లావు చుట్ట కొద్ది ఓములు, సన్న చుట్ట కొన్ని వేల ఓములు చూపవలె. అయితే చల్లగా ఉన్నప్పుడు సరిగా కొలత చూపిన కాయిలు వేడెక్కిన తరువాత చేయి ఇవ్వవచ్చును. ఉదయం చక్కగా బయలుదేరి, అరగంట నడిచిన పిమ్మట ఆగిపోయి, చల్లబడగానే తిరిగి నడిచే బండిలో కాయిలు లోపలి తొడుగు చెడి ఉండవచ్చును. కాని కండెన్సరు చెడినా ఇదే లక్షణం కనబడుతుంది. కండెన్సరు వెల తక్కువ. కనుక ముందు దానిని మార్చి చూడడం వివేకం. రవ్వను బయట పరీక్షించేటప్పుడు కూడ ఒక మాట జ్ఞాపకముంచుకోవలె. బయటి గాలిలో ప్లగ్గు సందును దూకిన రవ్వ, సిలిండరులోని ఒత్తిడిలో దూకకపోవచ్చును. బయట ఆరు మిల్లీమీటర్ల సందునైనా దూకగలిగితే కాయిలులో సత్తువ ఉన్నదని నమ్మవచ్చును. ఈ పరీక్ష పెట్రోలు ఆవిరి లేనిచోట చేయవలె. తీగను చేతితో పట్టుకొనరాదు. ప్లగ్గు తీగను గాలిలో వదిలివేసి కిక్కు కొట్టడం మంచిది కాదు. దూకే దారి లేని పీడనం కాయిలు లోపలి తొడుగునే చీల్చుకొంటుంది.

సరే, కాయిలు నిజంగానే చెడినది, లేదా ముసలిదైనదని తేలినది. ఇప్పుడు ఎటువంటిది వేయవలె? బలమైనది కాదు, తగినది వేయవలె. ఇక్కడ సాధారణంగా మూడు పొరపాట్లు జరుగుతున్నవి. మొదటిది, 6 వోల్టుల బండికి 12 వోల్టుల కాయిలు వేయడం. దాని నిరోధం 3 ఓములైతే, 6 వోల్టులతో నడిచేది 2 ఆంపియర్లే. శక్తి నాలుగవ వంతుకు పడిపోతుంది. రెండవది, 12 వోల్టుల బండికి 6 వోల్టుల కాయిలు వేయడం. అప్పుడు 8 ఆంపియర్లు నడిచి పాయింట్లూ మాడతాయి, కాయిలూ కాలుతుంది. మూడవది, ఈనాటి చిన్న బండ్లలోని సి.డి.ఐ. కాయిలును పాయింట్ల బండికి తగిలించడం. సి.డి.ఐ. పద్ధతిలో ఒక కెపాసిటరు వందల వోల్టులు నింపుకొని క్షణంలో కాయిలులోకి విడిచిపెడుతుంది. అందుకొరకు తయారైన కాయిలు లావు చుట్ట నిరోధం తరచు ఒక ఓముకన్న తక్కువ. దానిని పాయింట్లకు కలిపితే అవి ఎక్కువ కాలం బ్రతకవు. చూపులకు రెండూ ఒకే రీతిగా ఉంటాయి. అంగడిలో ఒకే అలమారలో ఉంటాయి. కొనేముందు వోల్టులు, ఓములు అడిగి, కొలిపించి తీసుకొనడమే తరుణోపాయం.

బిగించేటప్పుడు కూడ కొన్ని జాగ్రత్తలున్నవి. బండి ఎర్త్ పాజిటివ్వో నెగెటివ్వో చూసి, దాని ప్రకారమే కాయిలు కొలుకులను కలపవలె. తీగలు తారుమారైతే రవ్వ వస్తుంది గాని, దూకడానికి ఎక్కువ వోల్టులు కావలసివస్తుంది. కాయిలును సిలిండరు వేడికి దూరంగా, గాలి తగిలేచోట గట్టిగా బిగించవలె. ఇంజను ఆపిన తరువాత తాళం తీయడం మరువరాదు. పాయింట్లు కలిసి ఉండగా తాళం అట్లాగే ఉంటే, 6 వోల్టులు, 4 ఆంపియర్లు కలిసి 24 వాట్ల వేడి ఆ చిన్న డబ్బాలో ఎడతెగక పుడుతుంది. ఎన్నో కాయిళ్లు రోడ్డు మీద కాదు, ఇంటి అరుగు ముందు ఈ విధంగానే చనిపోతాయి.

కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, బండినంతా 12 వోల్టులకు మారుస్తారు. ఎలెక్ట్రానిక్ రెగ్యులేటరు సహాయంతో పాత డైనమో చేతనే 12 వోల్టులు ఇప్పించవచ్చును. దీనివలన తీగలలో నష్టం తగ్గుతుంది, దీపం కాంతి నిలకడగా ఉంటుంది. కాని డైనమో చార్జింగు మొదలుపెట్టాలంటే ఇంజను మునుపటికన్న వేగంగా తిరగవలె. బ్యాటరీ, బల్బులు, హారను, కాయిలు అన్నీ మార్చవలె. ఊరి సందులలో నెమ్మదిగా తిరిగే బండికి ఇది అంతగా నప్పదు. దూరపు ప్రయాణాలు చేసేవారికి నప్పుతుంది. పాయింట్లను ఉంచి, వాటి బరువును ట్రాన్సిస్టరు మీద వేసే మధ్యేమార్గం ఒకటి కలదు. అప్పుడు పాయింట్ల గుండా స్వల్పమైన కరెంటే నడుస్తుంది గనుక అవి మాడవు. ఆ పెట్టె చెడినా, రెండు తీగలు మార్చుకొని పాత పద్ధతిలో ఇల్లు చేరవచ్చును. పల్లె రోడ్ల మీద తిరిగేవారికి ఇది చెప్పుకోదగిన సదుపాయం.

రేడియో గల గృహస్థులకు ఈ విషయంతో మరొక సంబంధం కలదు. వీధిలో పాత బండి వెళ్లగానే మీడియం వేవ్ కార్యక్రమంలో చిటపటలు వినబడడం మీకు అనుభవమే. 1887లో హైన్రిఖ్ హెర్ట్స్ రేడియో తరంగాలను మొదట పుట్టించినది ఇటువంటి విద్యుత్ రవ్వతోనే. అనగా ప్రతి ప్లగ్గూ ఒక చిన్న ప్రసార కేంద్రం! ప్లగ్గు క్యాపులో 5,000 ఓముల నిరోధం ఉన్న రకం వేస్తే ఈ గోల చాలావరకు తగ్గుతుంది. రవ్వకు వచ్చే లోపం ఏమీ ఉండదు. బలమైన కాయిలు వేసేవారు ఈ క్యాపును కూడ వేయించుకొంటే ఇరుగుపొరుగు వారికి ఉపకారం చేసినవారవుతారు.

అన్నిటికన్న ముఖ్యమైనది వేళ. రవ్వ ఎంత బలమైనదైనా, పిస్టను పైకి వచ్చే వేళకు కాస్త ముందుగా, పుస్తకం చెప్పినచోట పుట్టవలె. రాజాం వారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముట్టడిలో ఉండగా, తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. వార్త వేళకు అందలేదని, ఆ వీరుడు చేరేసరికి కోట బూడిదై ఉన్నదని ఈ సీమలో నేటికీ చెప్పుకొంటారు. బలానికి లోటు లేదు, వేళ తప్పినది. పాయింట్ల సందు మారితే టైమింగు మారుతుంది. అందుచేత కొత్త కాయిలు వేసిన ప్రతిసారీ టైమింగును కూడ సరిచూడవలె.

చివరగా, తీసివేసిన పాత కాయిలును పారవేయవద్దు. 2021లో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం, యాభై సంవత్సరాలు దాటి, చట్రంలోను ఇంజనులోను పెద్ద మార్పులు లేకుండ అసలు రూపంతో ఉన్న వాహనాన్ని వింటేజి వాహనంగా నమోదు చేయించుకొనవచ్చును. కాబట్టి చట్రానికి కొత్త రంధ్రాలు వేయకుండ, ఉన్న తీగలను కోయకుండ, ఎప్పుడు కావలసినా యథాస్థితికి తేగలిగే విధంగా మార్పు చేయడమే మంచిపద్ధతి. ఏ తీగ ఎక్కడ కలిపినారో ఒక కాగితం మీద వ్రాసి, పాత కాయిలుతోపాటు దాచి ఉంచవలె. తరువాత ఆ బండిని విప్పే చేతులు మీవి కాకపోవచ్చును.

రాజాంలో 1997 నుంచి ఒక ఇంజనీరింగు కళాశాల నడుస్తున్నది. పాయింట్లను చెవితో విని సరిచేయగల వృద్ధ మేస్త్రీల సంఖ్య ఏటేటా తగ్గుతున్నది. కొలతలు తెలిసిన యువకులు, అనుభవం గల ఆ పెద్దల ప్రక్కన ఒక సాయంకాలం కూర్చొని ఒక పాత కాయిలును పరీక్షించి చూస్తే, ఇద్దరికీ లాభమే. ఒకరికి లెక్క తెలుసు, ఒకరికి లక్షణం తెలుసు. ఆ రెండూ కలిసినచోట, తూకానికి పోవలసిన బండి తిరిగి రోడ్డెక్కుతుంది.